అంకె తగ్గితే బలిసినట్టేనా?

పదకొండో వారం

కిందటి వారం ఉషశ్రీని పెదఎడ్లగాడి వంతెన మీద, స్కూటీ పక్కకి ఆపి, ఫోను చేత్తో పట్టుకుని నిలబడి ఉండగా వదిలేశాం. పాపం, వారం రోజులు ఎండలో అలాగే నిలబెట్టాం. ఏలూరులో ఆక్వా ల్యాబులో నీళ్ళ పరీక్షలు చేసుకుంటూ, ఖాళీ వేళల్లో షేర్ల చార్టులు చదవడం నేర్చుకుని, నేర్చుకున్నది నేర్చుకున్నట్టు తండ్రికి కూడా నేర్పిన పిల్ల. ఆ తండ్రి సూర్యప్రకాశరావుగారు ముదినేపల్లి అవతల మూడు రొయ్యల చెరువులు కౌలుకి చేస్తున్నారు. రెండు చెరువులు పట్టుబడి అయిపోయాయి, రొయ్య అమ్మేశారు. ఆ డబ్బుతో వచ్చే మంగళవారం కొత్త రొయ్యపిల్ల తెచ్చి వదలాలి. వదలకపోతే చెరువులు వేరేవాళ్ళకి ఇచ్చేస్తానని ఆసామి ముఖం మీదే చెప్పేశాడు. అలాంటి డబ్బు, పదిలక్షల పైచిలుకు, నాన్నగారు నిన్న మధ్యాహ్నం ఒకే ఒక్క షేరులో గుమ్మరించేశారని వంతెన మీద ఉషశ్రీకి తెలిసింది.

ఇవాళ శుక్రవారం. మార్కెట్టు తొమ్మిదింబావుకి తెరుస్తారు. ఇవాళ అమ్మితేనే మంగళవారానికి డబ్బు చేతికొస్తుంది. ఉషశ్రీ గడియారం చూసుకుంది. ఎనిమిదీ పది. ఇక స్కూటీ ఎలా నడిపిందో ఆ స్కూటీకే తెలియాలి. కైకలూరు సెంటర్లో ఆర్టీసీ బస్సుకీ, రొయ్యల లారీకీ మధ్య దూరిపోయినప్పుడు లారీ డ్రైవరు ఏదో అన్నాడు. మంచిమాట మాత్రం కాదు.

ఆమె చెరువు గట్టెక్కేసరికి సూర్యప్రకాశరావుగారు పంచె పైకి కట్టి, మూడో చెరువులో విసురువల వేస్తున్నారు. ఒడ్డున పుష్పమ్మ పళ్ళెం, తక్కెడ పెట్టుకుని కూర్చుంది. ఇరవై ఏళ్ళ నుంచి ఆ చెరువుల మీద మేత వెయ్యడం, రొయ్య తిన్నదో లేదో చూసే చెక్ ట్రేలు ఆవిడ చేతిమీదుగానే నడుస్తున్నాయి. ఉషశ్రీని ఉషమ్మా అని పిలిచే చనువు ఆవిడకి ఒక్కదానికే ఉంది.

“నాన్నగారూ! ఏం చేశారండీ?”

“కౌంట్ చూస్తున్నానమ్మా. నువ్వేంటి, ల్యాబుకి సెలవా?”

“కౌంట్ సంగతి కాదండీ. నీలవేణి ఫీడ్స్ సంగతి!”

ఆయన ముఖం వెలిగిపోయింది. తప్పు చేసి దొరికిపోయినవాడి ముఖం అలా వెలగదు. “తెలిసిపోయిందా! సాయంత్రం చెప్పి నిన్ను ఆశ్చర్యపరుద్దామనుకున్నానే. అయిదువేల షేర్లు, రెండువందల పదమూడు చొప్పున. ఇవాళ మధ్యాహ్నం కంపెనీ లెక్కలు బయటికొస్తాయి. ఇక చూస్కో!”

“అంతా ఒక్కదాన్లోనా? పిల్లకి ఉంచిన డబ్బు కూడానా?”

“అనుమానం ఉంటే కదా ఉంచుకోవడానికి!”

ఈలోగా పుష్పమ్మ కిలో రొయ్య తూచి, ఒక్కొక్కటీ పళ్ళెంలోంచి బుట్టలోకి వేస్తూ లెక్క ముగించింది. “ముప్పై ఎనిమిదండీ బాబుగారూ. పోయిన వారం నలభై అయిదు.” అని, “టైమెంతయిందండీ?” అని అడిగింది.

“ఎనిమిదీ నలభై” అన్నారాయన. “విన్నావా అమ్మాయ్? నలభై అయిదు నుంచి ముప్పై ఎనిమిది. రా, షెడ్డులోకి రా. నేనేమీ గుడ్డిగా దిగలేదు. లెక్క చూపిస్తాను.”

మోటారు షెడ్డు లోపలి గోడ ముప్పై ఏళ్ళుగా సూర్యప్రకాశరావుగారి పలక. పంట వేసిన దగ్గర్నుంచి వారం వారం కౌంట్ ఎంత వచ్చిందో సుద్దతో అక్కడ రాస్తారు. కౌంట్ అంటే కిలోకి ఎన్ని రొయ్యలు తూగాయన్నది. చిన్నవిగా ఉన్నప్పుడు నూట పది తూగుతాయి. బలిసేకొద్దీ ఎనభై, అరవై, నలభై. ముప్పైకొచ్చిందంటే కొనేవాళ్ళు కారేసుకుని గట్టు మీదికే వస్తారు. ఈ ప్రాంతంలో పుట్టినవాడికి అంకె తగ్గిందంటే ఒంట్లో ఎక్కడో సంతోషం పుడుతుంది. అది వాళ్ళు కావాలని తెచ్చుకున్నది కాదు, ఆ నీళ్ళతో వచ్చింది.

ఇవాళ ఆ గోడ మీద రెండు వరసలున్నాయి. ఎడమవైపు “మూడో చెరువు” అని రాసి కింద 110, 82, 60, 45. ఆయన సుద్దముక్క తీసి దానికింద 38 అని వేశారు. కుడివైపు, అదే దస్తూరీలో “నీలవేణి” అని రాసి కింద 14, 11, 8, 6, 4.

ఉషశ్రీ ఆ రెండు వరసల్నీ చూసింది. ఎడమది చూసి కుడిది, కుడిది చూసి ఎడమది. తరవాత నెత్తి మీద చెయ్యి వేసుకుని సిమెంటు బస్తా మీద చతికిలబడిపోయింది.

“నాన్నగారూ, ఆ కుడివైపు అంకెలేంటండీ?”

“నువ్వు చూపించినవే. బ్యాండ్ల వెడల్పు. పైనొక గీత, కిందొక గీత ఉంటాయన్నావే, ఆ రెంటి మధ్య జాగా. నెల కిందట పద్నాలుగు శాతం. వారం వారం తగ్గుతూ తగ్గుతూ నాలుక్కి దిగింది. అంటే...” అని ఎడమ వరస వైపు వేలు చూపించి, గర్వంగా ముగించారు. “బలిసిందన్నమాట! పట్టుబడికొచ్చేసింది!”

ఉషశ్రీకి నవ్వొచ్చింది. అలాంటిలాంటి నవ్వు కాదు. ఆపుకోలేక, పొట్ట పట్టుకుని, కళ్ళంట నీళ్ళు కారేదాకా నవ్వింది. ఆ నవ్వు ఎక్కడ ఏడుపుగా మారిందో ఆమెకే తెలియలేదు. ప్రపంచంలో ఇంకెక్కడా ఎవ్వరూ చేయని పొరపాటిది. బొంబాయివాడు చెయ్యడు, గుజరాతువాడు చెయ్యడు. కొల్లేటి గట్టున రొయ్య తూచినవాడు తప్ప ఇంకొకడు చెయ్యడు.

“ఏమ్మా, ఏమయింది?” ఆయన కంగారుపడ్డారు.

“అది కౌంట్ కాదండీ. షేరు బలిసిందని ఆ అంకె చెప్పదు. షేరు కదలడం మానేసిందని చెబుతుంది, అంతే!”

ఆమె లేచి, సుద్దముక్క లాక్కుని గోడ మీద బొమ్మ గీసింది. మధ్యలో ఒక గీత. “ఇది ఇరవై రోజుల సగటు ధర. రెండువందల పద్నాలుగు. ధర రోజూ దీనికి అటూ ఇటూ ఎంత ఊగుతోందో లెక్క కట్టి పైనొకటి, కిందొకటి గీస్తారు. బాగా ఊగితే గీతలు దూరం జరుగుతాయి. ఊగడం మానేస్తే దగ్గరికొస్తాయి. ఇప్పుడు పైది రెండువందల పద్దెనిమిది, కిందది రెండువందల పది. ఇంత దగ్గరికొచ్చాయంటే త్వరలో పెద్ద కదలిక వస్తుందని అర్థం. అక్కడిదాకా మీరన్నది నిజమే. పైకొస్తుందో కిందికొస్తుందో మాత్రం ఈ గీతలకి తెలీదండీ!”

“ఆ ముక్క నువ్వు చెప్పలేదే.”

“చెప్పాను!”

“చెప్పలేదమ్మా. వెడల్పు తగ్గితే పెద్ద కదలిక రాబోతోంది, ఇలాంటప్పుడు సిద్ధంగా ఉండాలి అన్నావు. నాకు అక్షరం అక్షరం గుర్తు. రోజూ పొద్దున్నే వింటున్నాను కదా నీ మాట.”

“చెప్పాను నాన్నగారూ! ఒట్టు. నేను చెప్పకుండా ఎందుకుంటాను?”

“నేను వినకుండా ఎందుకుంటాను?”

తండ్రీకూతుళ్ళిద్దరూ ఒకే గింజలో రెండు పప్పులు. వాదన పెట్టుకుంటే తెల్లారేదాకా సాగుతుంది. ఇవాళ అంత వ్యవధి లేదు. గుమ్మంలో నిలబడి అంతా వింటున్న పుష్పమ్మ మళ్ళీ అడిగింది. “టైమెంతండీ?”

“ఎనిమిదీ యాభై రెండు. నీకెందుకే పుష్పమ్మా ఇన్నిసార్లు టైము?” అన్నారాయన విసుగ్గా. ఆవిడ కొంగుతో ముఖం తుడుచుకుంది.

ఉషశ్రీ ఊపిరి పీల్చుకుని, ఈసారి నెమ్మదిగా మొదలెట్టింది. “నాన్నగారూ, ఒకటడుగుతాను చెప్పండి. మబ్బు పట్టి, గాలి పూర్తిగా ఆగిపోయి, చెరువు మీద చిన్న అల కూడా లేదనుకోండి. నీళ్ళు నిశ్చలంగా ఉన్నాయి కదా, పంట బాగుందని ఇంటికెళ్ళి పడుకుంటారా?”

“పడుకుంటానా? గాలి ఆగితే నీళ్ళలో ఆక్సిజన్ పడిపోతుంది. ఏరియేటర్లన్నీ ఆడించి గట్టు మీదే కూచుంటాను.” అనేసి, ఆ మాట నోట్లోంచి బయటికొచ్చాక ఆయన ఆగిపోయారు. కుడివైపు వరసలో చివరి 4 వైపు చూశారు. సుద్ద అంటిన వేళ్ళు పంచెకి తుడుచుకున్నారు.

“అయితే నేను గాలి ఆగిన చెరువులో పిల్ల వదిలానన్నమాట” అన్నారు చివరికి. గొంతు చిన్నదైపోయింది. “ఏరియేటరు కూడా లేకుండా.”

ఉషశ్రీకి ఆయన్ని చూస్తే జాలేసింది. ముప్పై ఏళ్ళలో ఎన్నో తెగుళ్ళు, ఎన్నో తుఫాన్లు చూసిన మనిషి, పిల్ల వేసే డబ్బు ఒక్కసారి కూడా చేజార్చుకోలేదు. కూతురు నేర్పిన విద్య కదా అని గుండెల మీద చెయ్యేసుకుని దిగిపోయారు. తప్పు పూర్తిగా ఆయనదే అనడానికి ఆమెకి నోరు రాలేదు.

“దీనికీ ఏరియేటర్లు ఉన్నాయండీ. ఇంకా ఇరవై నిమిషాలుంది. ఇలా రండి!”

ఫోనుకి సిగ్నలు షెడ్డు వెనక మోటారు దిమ్మ మీద ఎక్కితేనే అందుతుంది. ఇద్దరూ ఎక్కారు. పైన ఇద్దరికే చోటుంది, పుష్పమ్మ కూడా వచ్చి కింద నిలబడింది.

“చూడండి, దీన్ని ఏటీఆర్ అంటారు. ఈ షేరు మామూలుగా రోజుకి ఎంత ఊగుతుందో దాని సగటు. నాలుగు రూపాయలు. అంటే రెండు మూడు రూపాయలు పడిందని మనం బెదిరిపోకూడదు, అది దాని మామూలు నడక. నాలుక్కి రెట్టింపు, ఎనిమిది రూపాయలు పడిందంటే మాత్రం నడక మారిందని లెక్క. మీరు కొన్నది రెండువందల పదమూడుకి. ఎనిమిది తీసేస్తే రెండువందల అయిదు. ధర అక్కడికి దిగితే దానంతటదే అమ్ముడైపోయేలా ఇప్పుడే చెప్పి ఉంచుదాం. అదీ సగం షేర్లకే. మిగతా సగం తెరవగానే అమ్మేద్దాం. పిల్లకి ఆ డబ్బు సరిపోతుంది కదా?”

“పిల్లకి చాలు. మేత సంగతి తరవాత చూసుకోవచ్చు.”

“ఎంత చెడ్డా మీకు పోయేది ఇరవై వేలు. ఎనిమిది బస్తాల మేతనుకోండి.”

ఆయన వేళ్ళ మీద లెక్కవేసుకున్నారు. ఇరవై వేలు. చెరువులు పోవు. నిన్నటి నుంచి గర్వంతో నిటారుగా ఉన్న భుజాలు, ఇప్పుడు బరువు దిగి తేలికపడ్డాయి. “అలాగే కానియ్యమ్మా” అన్నారు.

తొమ్మిదీ పద్నాలుగు. అమ్మడానికి కావాల్సిన ఓటీపీ రాదు. ఆయన ఫోను పైకెత్తారు. రాదు. ఆటపాక వైపు నుంచి గూడబాతులు బారుగా ఎగురుకుంటూ నెత్తి మీదుగా పోతున్నాయి. “వాటికందినంత ఎత్తులో ఉంటే వచ్చేదేమో” అన్నారు. టింగ్ మంది. ఉషశ్రీ అంకెలు టకటకా కొట్టింది.

మార్కెట్టు తెరిచారు! రెండువందల పదహారు. సగం అమ్ముడైపోయింది. పిల్ల డబ్బు గట్టెక్కింది. తెర మీద ఆ మాట కనిపించగానే ఉషశ్రీ తండ్రి భుజం పట్టుకుని గట్టిగా ఊపేసింది. ఇద్దరూ దిమ్మ మీంచి పడబోయి నిలదొక్కుకున్నారు.

రెండువందల పద్దెనిమిది. పై గీత తాకింది.

“అమ్మాయ్, చూడు చూడు!”

పంతొమ్మిది. ఇరవై ఒకటి. ఆకుపచ్చ కడ్డీ పై గీతని చీల్చుకుని లేచింది. చార్టులు నేర్చిన రెండేళ్ళలో ఇంత అందమైన కదలిక ఉషశ్రీ చూడలేదు. మూడు వారాలు ముడుచుకుని కూచున్నది ఒక్కసారిగా కాళ్ళు చాచింది. ఒళ్ళంతా పులకరించిపోయింది. ఇరవై నాలుగు! ఇరవై ఆరు!

“సగం అమ్మించేశావు కదే తల్లీ!” అని ఆయన నెత్తి బాదుకున్నారు. బాదుకుంటూనే నవ్వారు. “అయినా బలిసింది కదే! నేను చెప్పలా!”

“ఎటొస్తుందో తెలీదన్నానండీ. పైకి రాదనలేదు!” ఆమె కూడా నవ్వుతోంది. కింద పుష్పమ్మ రెండు చేతులూ జోడించి “స్తోత్రం తండ్రీ” అంటోంది. ఆ సంబరంలో ఆవిడెందుకు దణ్ణం పెడుతోందో ఎవరికీ పట్టలేదు.

అప్పుడు సూర్యప్రకాశరావుగారి ఫోను మోగింది. తీశారు. అవతలి గొంతు దిమ్మ కిందిదాకా వినిపించింది. “ఏవండీ సూర్యప్రకాశరావుగారూ! మీ అమ్మాయి బంగారమండీ! నేనిప్పుడే రెండువందల ఇరవై అయిదుకి రెండువేల షేర్లు కొట్టానండీ!” పెట్టేసేసరికి ఇంకొకటి. అది అత్తిలి నుంచి. అది పెట్టేసేసరికి జంగారెడ్డిగూడెం నుంచి ఎవరో పామాయిల్ తోట ఆయన. అందరిదీ ఒకటే మాట. మీ అమ్మాయి చెప్పింది, మేం కొన్నాం.

ఉషశ్రీ నవ్వు ఆగిపోయింది. “నేనెప్పుడు చెప్పానండీ వీళ్ళకి?”

ఆయన తల దించుకున్నారు. “మంచి మాట కదా, నలుగురికీ తెలుస్తుందని, నీ వాయిస్ మెసేజీ మన ఆక్వా రైతుల గ్రూపులో పెట్టాను. నిన్న రాత్రి. నీలవేణి పేరు కూడా కింద రాశాను.”

“గ్రూపులో ఎంతమంది?”

“నలభై ఆరు.”

ఆమె ఫోను లాక్కుంది. గ్రూపు తెరిచింది. తన గొంతే. “వెడల్పు తగ్గిందంటే పెద్ద కదలిక రాబోతోందని అర్థం నాన్నగారూ. ఇలాంటప్పుడు సిద్ధంగా ఉండాలి.” అక్కడితో అయిపోయింది. ఆమెకి ఆ రోజు గుర్తొచ్చింది. ల్యాబులో ఎవరో పిలిస్తే మధ్యలో ఆపి, తిరిగొచ్చి మిగతాది రెండో మెసేజీగా పంపింది. తండ్రికీ తనకీ మధ్య ఉన్న పేజీ తెరిచింది. మొదటి మెసేజీ కింద రెండోది అలాగే ఉంది. తొమ్మిది సెకన్లది. ఎవరూ వినలేదని గుర్తుగా చుక్క కూడా అలాగే ఉంది.

నొక్కింది. “కానీ ఎటు కదులుతుందో మాత్రం ఇది చెప్పదండీ. అది తెలిసేదాకా డబ్బంతా పెట్టకూడదు.”

ముగ్గురూ విన్నారు.

ఉషశ్రీ చార్టు చూసింది. రెండువందల ఇరవై మూడు. ఇరవై. పైకి లేచిన కడ్డీ తలమీద పొడుగాటి పిలక మిగిలింది. కొనేవాళ్ళు అయిపోయారు. పద్దెనిమిది. పదిహేడు. ధర మళ్ళీ గీతల లోపలికి వచ్చేసింది. ఇలాంటి దొంగ కదలికల గురించి ఆమె చదివింది. ముందు ఒకవైపు ఆశపెట్టి, జనం ఎక్కగానే రెండోవైపు తిరిగిపోతాయి. ప్రతిసారీ తిరగవు. కానీ తిరిగినప్పుడు ఆగవు.

“ఉషమ్మా” కింద నుంచి పుష్పమ్మ పిలిచింది. “మా అమ్మాయి క్యాథరిన్ కూడా కొన్నాదండీ. ఇరవై ఆరుకి. దాని ఫోన్లోనే. నర్సింగ్ ఫీజు కట్టాలని ఉంచుకున్నదంతా. నీ గొంతు విని కొన్నాదమ్మా. నువ్వు చెబితే ఇంక చూసేదేముంది అనుకున్నాం.”

అందుకా ఇన్నిసార్లు టైము అడిగింది!

రెండువందల పదిహేను.

అమ్మెయ్యండి అని చెప్పాలా? ఇది చిన్న కంపెనీ. రోజుకి అమ్మేవాళ్ళూ కొనేవాళ్ళూ అంతంతమాత్రం. నలభై ఆరుమందీ ఒక్కసారి అమ్మితే వాళ్ళ తొక్కిడికే ధర కుప్పకూలుతుంది. అందరికన్నా వెనక పడేది, అలవాటు లేని వేళ్ళతో బటను వెతుక్కునే క్యాథరినే. ఆగండి అని చెప్పాలా? మధ్యాహ్నం కంపెనీ లెక్కలు ఎలా ఉంటాయో దేవుడికెరుక. ఏమీ చెప్పకుండా ఊరుకోవాలా? ఇప్పటికే ఒక సగం మాట ఊరంతా తిరుగుతోంది. మిగతా సగం ఎవరు చెబుతారు?

రెండువందల పన్నెండు.

“అమ్మాయ్, ఏదో ఒకటి చెప్పమ్మా” అన్నారు సూర్యప్రకాశరావుగారు. మనిషి పదేళ్ళు పెద్దవాడైనట్టు కనిపించారు. “నువ్వు చెబితే వింటారు.”

ఆ మాటకే ఆమెకి అన్నిటికన్నా ఎక్కువ భయమేసింది. తండ్రి ఫోను రెండు చేతులా పట్టుకుని, గ్రూపు పేజీ తెరిచి, మైకు బొమ్మ మీద వేలు గట్టిగా నొక్కి పెట్టింది. ఎర్ర చుక్క వెలిగింది. సెకన్లు కదలడం మొదలెట్టాయి. ఒకటి, రెండు, మూడు.

ఈసారి మధ్యలో ఆపకూడదనుకుని ఉషశ్రీ నోరు తెరిచింది.